బాలిలో ఏటీవీ రైడ్: ఆరుగురం పోతున్నం, ఎవరు ఎక్కాలె, ఎవరు ఆగాలె?

మిర్యాలగూడ_ముసాఫిర్

అందరికీ నమస్తే. సంక్రాంతి సెలవులకు బాలి పోతున్నం. నేను, మా ఇంటామె, బాపు (63 ఏండ్లు, నడుములో డిస్క్ సమస్య), అమ్మ, బామ్మర్ది (108 కిలోలు), అక్క కొడుకు (9 ఏండ్లు). ఉబుద్ చుట్టుపక్కల పొలాల నడుమ, వాగుల్లో, సొరంగంలో గైడ్ వెంట ఏటీవీ (బైక్ లెక్క హ్యాండిల్ ఉండే నాలుగు చక్రాల బురద బండి) మీద తిప్పుతరు కదా, అది కావాలని పిల్లగాడు పట్టువట్టిండు. ఇప్పుడు బామ్మర్ది కూడా వాని దిక్కే.

నాకు బైక్, ట్రాక్టర్ రెండూ వస్తయి. ఇంటామెకు స్కూటీ వస్తది. బామ్మర్దికి కారు తప్ప ఏం రాదు. నా అనుమానాలు ఇవి: సింగిల్ బండ్లు తీసుకోవాల్నా, ఇద్దరిద్దరం కూర్చునే టాండెం తీసుకోవాల్నా? జనవరిలో వానలు ఉంటయంటున్నరు, ఇబ్బందా? లైసెన్స్ అడుగుతరా? బాపును, పిల్లగాన్ని ఎక్కియ్యొచ్చా? బుకింగ్ పేజీ ఏది చూసినా "అనుభవం అవసరం లేదు" అనే ఉంది. అంత అలకగ ఉంటదా?

కృష్ణ_ఒడ్డు

బుకింగ్ సంగతి నేను చెప్తా, బండి సంగతి తెలిసినోళ్లు వేరే ఉన్నరు.

జనవరి అక్కడ నడివానకాలం. బాలిలో వానలు నవంబర్ నుంచి మార్చి దాకా, డిసెంబర్–ఫిబ్రవరి మధ్యల ఎక్కువ. అట్లని రైడ్ ఆగదు. మామూలు వానలో నడిపిస్తనే ఉంటరు, వాగు పొంగితేనో పిడుగులు పడితేనో ఆపుతరు, లేదంటే ఆ ముక్క వదిలేసి చుట్టూ తిప్పి తీస్కొస్తరు. కాబట్టి డబ్బు కట్టకముందే మెసేజ్‌లో రాతపూర్వకంగా అడగండి: "వాగు, సొరంగం మూసేస్తే తేదీ మారుస్తరా, డబ్బు వాపస్ ఇస్తరా?" ఫోన్‌లో చెప్పిన మాట లెక్కకు రాదు.

పొద్దుటి స్లాటే తీసుకోండి, 8 లేదా 9 గంటలది. వాన చాలాసార్లు మధ్యాహ్నం తర్వాతే పడతది. పైగా పొద్దున మొదటి బ్యాచ్ పోయేసరికి దారి ఇంకా గుంతలు పడి ఉండదు. మూడో బ్యాచ్ వచ్చేసరికి అదే దారి దమ్ము చేసిన మడిలెక్క అయితది. ఒక్కటి మర్చిపోకండి, బాలి మనకన్న రెండున్నర గంటలు ముందుంటది. అక్కడి 8 అంటే మన ఒంటికి తెల్లారి ఐదున్నర. దిగిన మర్నాడే ఈ రైడ్ పెట్టుకుంటే నిద్రమత్తులో బండెక్కినట్టే. మూడో రోజు పెట్టండి.

"రెండు గంటల టూర్" అని రాసినదాంట్లో కాగితాల మీద సంతకాలు, హెల్మెట్లు వెతుక్కునుడు, ట్రైనింగ్, నడుమ నీళ్లకు ఆగుడు అన్నీ కలిసే ఉంటయి. "బండి మీద నిజంగా ఎన్ని నిమిషాలు? అందులో ఊరి రోడ్డు ఎంత, సొంత ట్రాక్ ఎంత?" అని అడగండి. ఊరి రోడ్డు ఎక్కువున్న టూర్ వద్దు. రోడ్డు మీద ట్రాఫిక్ ఉంటది, లైసెన్స్, ఇన్సూరెన్స్ ప్రశ్నలు కూడా అక్కడే వస్తయి. ట్రాక్ లోపల గైడ్ వెంట నడిపేటప్పుడు మామూలుగా లైసెన్స్ అడగరు. కానీ అదే ట్రిప్‌లో స్కూటర్ కిరాయికి తీసుకునే ఆలోచన ఉంటే మాత్రం టూవీలర్ ఉన్న ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఇక్కడి ఆర్టీఏ ఆఫీసులోనే తీసుకుని పోండి. ఏడాది చెల్లుతది, కేంద్ర నిబంధనల ప్రకారం ఫీజు ₹1000.

పికప్ ఉచితం అంటే ఎక్కడి నుంచో చూసుకోండి. ఎయిర్‌పోర్ట్ దిక్కు నుంచి ఉబుద్ 35–40 కిలోమీటర్లు, ట్రాఫిక్‌తో గంటన్నర. చాలా ట్రాకులు ఉబుద్‌కు ఇంకా ఉత్తరాన, తెగల్లలాంగ్, పయాంగన్ దిక్కు ఉంటయి. మీ హోటల్ దక్షిణాన ఉలువాతు, నుసా దువా వైపు ఉంటే పోవుడు రావుడుకే సగం రోజు. రెండు మూడు రాత్రులు ఉబుద్‌లోనే ఉండేటట్టు ప్లాన్ చేసి, ఆ రోజుల్లోనే ఇది పెట్టుకుంటే బాపుకు కూడా కారు ప్రయాణం తగ్గుతది.

ఇన్సూరెన్స్: ట్రావెల్ పాలసీ ఉంది కదా అని ఊకోకండి. పాలసీ కాగితంలో "మినహాయింపులు" అనే భాగంలో సాహస క్రీడలు, మోటార్ వాహనాల మాట ఏముందో చదవండి. కొన్ని పాలసీలు నిపుణుల పర్యవేక్షణలో సరదాకు చేసేవి కవర్ చేస్తయి, కొన్నింట్లో అదనంగా కట్టి చేర్పించుకోవాలె. ఏజెంట్‌కు కాదు, కంపెనీకి ఈమెయిల్ పెట్టి "గైడ్ వెంట ఏటీవీ, సొంత ట్రాక్" అని రాసి జవాబు తీసుకోండి. టూర్ వాళ్లు "ఇన్సూరెన్స్ కలిపే" అంటే అది ఎంత మొత్తానికి, ఆసుపత్రి ఖర్చుకా లేక చనిపోతే ఇచ్చేదా అని అడగండి.

మిగతా ఖర్చు లెక్కలో పెట్టుకోవాల్సినవి: వీసా ఆన్ అరైవల్ మనిషికి 5 లక్షల రుపియా, 30 రోజులకు. ఇది కాక 14 ఫిబ్రవరి 2024 నుంచి బాలి పర్యాటక రుసుం 1.5 లక్షల రుపియా, అదీ మనిషికే. లక్షలు చూసి గుండె పట్టుకోకండి, మన వంద రూపాయలు అక్కడ దగ్గర దగ్గర 18–19 వేలు.

పాలమూరు_పానా

ముసాఫిర్ తమ్మీ, ట్రాక్టర్ వచ్చన్నవు, సగం పని అయిపోయింది. బైక్ వచ్చుడే ఇక్కడ అడ్డం.

ట్రాక్టర్ల డిఫరెన్షియల్ లాక్ (ఎనుక రెండు చక్రాలు ఒక్కతీరుగ తిరిగేటట్టు కట్టేసేది) తొక్కి మలుపు తిప్పితే ఏమైతది? స్టీరింగ్ తిరుగుతది గానీ బండి సక్కగ గుంజుకపోతది. టూర్లల్ల ఇచ్చే 150, 200, 250 సీసీ ఏటీవీలల్ల చానా వాటికి ఎనుక ఇరుసు ఒక్కటే ముక్క, డిఫరెన్షియలే ఉండది. లాక్ ఎప్పుడూ ఏసే ఉన్నట్టన్నమాట. మలుపుల లోపలి చక్రం తక్కువ దూరం, బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలె, కానీ రెండూ ఒక్కతీరుగనే తిరుగుతయి. లోపలి చక్రం జర జారితేనే బండి తిరుగుతది. గా జారుడు నువ్వు చేపియ్యాలె. మలుపుకు ముందే వేగం తగ్గించు, ఒళ్లు జర ముందలికి, మలుపు లోపలి దిక్కు వంచు, బరువు మాత్రం బయటి దిక్కు కాలి మీద ఆనియ్యి. గప్పుడు లోపలి చక్రం తేలికై జారుతది, బండి తిరుగుతది. ఒంటిని కట్టెలెక్క పెట్టి ఒట్టి హ్యాండిల్ తిప్పితే బండి సక్కగ పోయి గట్టుకు గుద్దుకుంటది. ఇంకా గట్టిగ తిప్పితే ఒక్కసారే పట్టు దొరికి పక్కకు బోర్లా పడ్తది.

బైకోళ్లు చేసే తప్పులు రెండే. చెయ్యి తప్పు ఒకటి, కాలు తప్పు ఒకటి.

చెయ్యి సంగతి. దీనికి బైక్ లెక్క పిడి తిప్పే ఎక్స్‌లేటర్ ఉండది, కుడి బొటనేలితోని నొక్కే చిన్న మీట ఉంటది. ఎగుడుదిగుడుల ఒళ్లు ఎనుకకు ఊగినప్పుడు తిప్పే పిడి ఉంటే ఇంకా తెరుచుకుంటది, అందుకే బొటనేలి మీట పెట్టిన్రు. కానీ భయమైనప్పుడు మనిషి ఏం చేస్తడు? హ్యాండిల్‌ను గట్టిగ పట్టుకుంటడు. బొటనేలు మీట మీదనే ఉంటే అది కూడా పిడితో పాటు బిగుస్తది, బండి ఉరుకుతది, ఉరికినకొద్దీ ఇంకా గట్టిగ పట్టుకుంటడు. ట్రైనింగ్ జాగల మొదటి ఐదు నిమిషాలు చెయ్యాల్సింది ఇదొక్కటే: నొక్కు, పోనియ్యి, బొటనేలు మీట మీదికెళ్లి తీసి పిడి కిందికి పెట్టు, బ్రేక్ పట్టు. పది పదిహేనుసార్లు. ఇంటామెతోని, ముఖ్యంగ బామ్మర్దితోని చేపియ్యి.

ఇగ కాలు. బైక్ జారితే కాలు కింద పెడ్తం, చిన్నప్పటి అలవాటు. ఏటీవీ మీద కాలు కింద పెడితే ఎనుక చక్రం ముందలికి ఉరుకుతున్నది గద, పాదం మీదికి ఎక్కి, మడిమెను కిందికి గుంజుతది. బండి ఎంత వంగినా రెండు కాళ్లు ఫుట్‌రెస్ట్ మీదికెళ్లి తియ్యొద్దు. ఫుట్‌రెస్ట్‌కు, ఎనుక చక్రానికి నడుమ అడ్డం రేకో, బద్దెల పట్టీయో ఉందా చూసుకో. లేని బండి ఇస్తే ఇంకోటి అడుగు, మొహమాటం వద్దు.

బ్రేకులు బండికో తీరుగ ఉంటయి. చానా వాటికి కుడి లివర్ ముందల, ఎడమ లివర్ ఎనుక. కొన్నిటికి కాలి బ్రేక్ కూడా ఉంటది. పార్కింగ్ లాక్ మామూలుగ ఎడమ లివర్ మీదనే. ఎక్కంగనే ఏది ఏందో గైడ్‌ను అడిగి, నడుచుకుంట పోయేటంత వేగంల ఒక్కొక్కటి పట్టి చూడు.

గేర్ల భయం వద్దు. టూర్ బండ్లల్ల ఎక్కువ బెల్టువే, స్కూటీ లెక్క. ముందలికి, న్యూట్రల్, రివర్స్ అంతే. బెల్టు బండికి రెండు బలహీనతలు. ఒకటి, దిగుడుల పూర్తిగ ఎక్స్‌లేటర్ ఇడిస్తే వేగం తగ్గినకొద్దీ క్లచ్చు ఇడిసిపోతది, ఇంజన్ పట్టు ఉండది, ట్రాక్టర్‌ను లో గేర్ల దించినట్టు అది ఆపది. వాలు మొదలుకాక ముందే నిమ్మలం చేసుకొని, సీటుల ఎనుకకు జరిగి, ఎనుక బ్రేక్ ఎక్కువ, ముందల బ్రేక్ కొంచెం, రెండూ ముందే పట్టుకొని దిగాలె. వాలు నడుమ అర్రే అని ముందల బ్రేక్ ఒక్కటే గట్టిగ పట్టొద్దు. రెండు, బెల్టు డబ్బాలకు నీళ్లు పోతే బెల్టు జారుతది. ఇంజన్ మొత్తుకుంటది, బండి కదలది. గప్పుడు బలవంతం చెయ్యొద్దు. న్యూట్రల్‌ల పెట్టి కొంచెం రేజ్ చేస్తే తడి ఆరుతది, గైడే చేస్తడు. కాలిన రబ్బర్ వాసన వస్తే మీట ఇడిసెయ్యి.

ఎక్కుడు ఇంకో లెక్క. గట్టు ఎక్కేటప్పుడు ముందలికి వంగి, ఎక్కకముందే ఊపు తీస్కొని, నడుమ ఎక్స్‌లేటర్ ఎక్కువ తక్కువ చెయ్యకుంట పోవాలె. ముందలి బండి పూర్తిగ పైకి చేరినంకనే నువ్వు మొదలుపెట్టు. నడుమ ఆగిపోతే బండిని అడ్డం తిప్పే ఆలోచన చెయ్యకు, పక్కకు దొర్లుతది. బరువు పై దిక్కుకు ఏసి బ్రేకులు పట్టి, పార్కింగ్ లాక్ ఏసి, పై దిక్కు నుంచి దిగు, గైడ్‌ను కేకెయ్యి. ఎనుకకు జారుడు మొదలైతే ముందల బ్రేక్‌తోని నిమ్మలంగ ఆపాలె. ఎనుకకు పోతున్న బండిని ఎనుక బ్రేక్‌తోని ఒక్కసారే ఆపితే మూతి లేచి మీదికే తిరగబడ్తది. బరువైన ట్రైలర్ కట్టుకొని కట్ట ఎక్కుతున్న ట్రాక్టర్‌కు మూతి ఎందుకు లేస్తదో నీకు నేను చెప్పాల్సిన పని లేదు.

టైర్లు మెత్తగ ఉన్నయని కంగారు పడకు. బైక్‌కు 30 దగ్గర గాలి కొడ్తం, దీనికి ఐదు పీఎస్ఐ అటూఇటూ. మెత్తగ ఉంటేనే బురదల పరుచుకుంటది. చూడాల్సింది ఏందంటే, ఎడమ కుడి రెండూ ఒక్కతీరుగ ఉన్నయా అని. ఒక దిక్కు తక్కువుంటే బండి గా దిక్కే గుంజుతది, చెయ్యి గుంజుకపోతది.

వాగుల దిగేటప్పుడు గైడ్ చక్రాల జాడల్నే పోవాలె, నిమ్మలంగ, నడుమ ఆగకుంట. బయటికి రాంగనే బ్రేకు పట్టవు, తడిసి ఉంటయి. కొన్ని గజాలు లివర్ సగం పట్టి నడిపితే ఆరుతయి. వాగు దాటంగనే దిగుడు ఉన్న దారులల్ల ఇది మరిస్తే ముందటోని మీదికి పోతవు.

హుజూర్‌నగర్_హుషార్

పానా అన్నా, అన్నీ మంచిగనే చెప్పినవు గానీ ఇద్దరిద్దరికి టాండెం తీసుకుంటే పైసలు మిగులుతయి కదా. ముసాఫిర్‌కు ట్రాక్టర్ వస్తది, ముందల ఆయన, ఎనుక ఇంటామె. కొత్తోళ్లు ఒంటరిగ నడుపుడు కంటె గదే నయం అనిపిస్తది నాకైతె.

పాలమూరు_పానా

నయం కాదు తమ్మీ. రెండు తీర్ల బండ్లు ఉంటయి. ఇద్దరి కోసమే తయారుచేసినవి పొడుగు ఉంటయి, ముందల చక్రానికీ ఎనుక చక్రానికీ దూరం ఎక్కువ, ఎనుక సీటు వేరేగ ఉండి ఆనుకునే దిండు, పట్టుకునే పిడులు, ఎనుక మనిషికి వేరే ఫుట్‌రెస్టులు ఉంటయి. గిసొంటివి అయితే సరే. కానీ ఒక్కరి బండి మీద సీటు పొడుగు చేసి ఇద్దర్ని కూర్చోపెట్టేవి కూడ నడుస్తయి. దాని మీద "ప్యాసింజర్‌ను ఎక్కించొద్దు" అని కంపెనీ స్టిక్కర్ ఉంటది, చదువుకో.

ఎందుకు వద్దంటె, ఎనుక మనిషి బరువు సరిగ్గ ఎనుక ఇరుసు మీద, ఒక్కోసారి ఇరుసు దాటి పడ్తది. ముందల చక్రాలు తేలిపోతయి. ఎక్కుడుల మూతి లేస్తది, సక్కని దారిల కూడ హ్యాండిల్ మాట వినది. ఇంకోటి, పైన చెప్పిన గదంతా ఒళ్లు వంచుడు మీదనే ఉంది. ముందటోడు లోపలికి వంగితే ఎనుకామె భయపడి బయటికి వంగుతది, లెక్క సున్నా. ఆమెకు దారి కనవడది, కుదుపు ఎప్పుడొస్తదో తెల్వది, నడుముకు దెబ్బ ఆమెకే ఎక్కువ.

108 కిలోల బామ్మర్దికి టాండెం అసలే వద్దు. ఆయనకు సింగిల్, 250 సీసీ అడుగు, బండి మీద స్టిక్కర్‌ల గరిష్ఠ బరువు ఎంత రాసి ఉందో ఫొటో పంపుమను. బరువు సంగతి ముందే చెప్పకుంటే అక్కడికి పోయినంక 150 సీసీ చేతిల పెడ్తరు. అది బురదల ఎక్కది, ఎక్స్‌లేటర్ పూర్తిగ నొక్కుడు అలవాటైతది, బెల్టు కాలుతది.

దేవరకొండ_అక్క

బాపు, పిల్లగాని సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే దాంట్లో బేరాలు ఉండవు.

బాపును ఎక్కించకండి. డిస్క్ జారిన నడుముకు ఏటీవీ కుదుపు మామూలు గతుకు రోడ్డు లాంటిది కాదు. కూర్చొని ఉన్నప్పుడు కింది నుంచి నిటారుగా వచ్చే దెబ్బ మొత్తం వెన్నుపూసల మీదే పడుతుంది. నడపడం వచ్చిన వాళ్లు ఎగుడుదిగుడు వచ్చినప్పుడు ఫుట్‌రెస్టుల మీద మోకాళ్లు కొంచెం వంచి లేచి నిలబడతారు, ఆ దెబ్బ కాళ్లలో ఆగిపోతుంది. 63 ఏళ్ల నడుము నొప్పి మనిషికి గంటసేపు అట్లా లేచి కూర్చోవడం అయ్యే పని కాదు. "బెల్టు పెట్టుకుంటాడు" అనకండి, నడుము బెల్టు ఈ దెబ్బను ఆపదు. గర్భిణులు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, ఈ మధ్య ఆపరేషన్ అయినవాళ్లు, రక్తం పలుచబడే మందులు వాడేవాళ్లు కూడా ఎక్కకూడదు. టూర్ వాళ్ల ఫారంలో ఇవన్నీ అడుగుతారు, అక్కడ "లేదు" అని టిక్కు పెడితే ఇన్సూరెన్స్ కూడా పోతుంది.

పిల్లవాడు తొమ్మిదేళ్లు. పెద్ద ఏటీవీలను 16 ఏళ్ల లోపు వాళ్లు నడపొద్దని కంపెనీలే బండి మీద రాస్తాయి. ఇద్దరి కోసం చేసిన బండ్లలో కూడా వెనుక కూర్చునే వాళ్లకు 12 ఏళ్లు నిండాలని మాన్యువల్‌లో ఉంటుంది. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం అయితే 16 లోపు పిల్లలు నడపడం, ఎక్కడం రెండూ వద్దంటుంది. టూర్ వాళ్లు "ఐదేళ్ల పిల్లలను కూడా ఎక్కిస్తాం" అనొచ్చు, అది వాళ్ల వ్యాపారం. కాలు ఫుట్‌రెస్టుకు అందదు, పెద్దవాళ్ల హెల్మెట్ తల మీద గిరగిర తిరుగుతుంది. పిల్లవాడు ఏడిస్తే ఒక పూట ఏడుస్తాడు.

ఆ పూట అమ్మ, బాపు, వాడు ముగ్గురినీ తెగల్లలాంగ్ మెట్ల పొలాలకు పంపండి. అక్కడ కూడా దిగడానికి మెట్లున్నాయి, బాపు పైనుంచే చూడొచ్చు. వ్యవసాయం చేసిన మనిషికి ఏటీవీ కంటే అదే నచ్చుతుంది: బాలిలో గుడి, ఊరు, పొలం కలిసి నీళ్లు పంచుకునే సుబక్ పద్ధతి ఉంది, 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. మన గొలుసుకట్టు చెరువుల ముచ్చట తెలిసినవాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇక మీ ముగ్గురికి. చెప్పులు వద్దు. వాళ్లు రబ్బరు బూట్లు ఇస్తారు, అవి నలుగురు వేసుకున్నవే కాబట్టి మోకాలి దాకా వచ్చే సాక్సులు మీవి రెండు జతలు తీసుకెళ్లండి. బూటు వదులుగా ఉంటే బురదలో కాలు బయటికి వస్తుంది, బూటు లోపలే ఉంటుంది. జీన్స్ తడిస్తే బరువెక్కి మోకాలు దగ్గర పట్టేస్తుంది, తొందరగా ఆరే ట్రాక్ ప్యాంటు, పొడుగు చేతుల టీషర్టు చాలు. చున్నీ, వేలాడే గొలుసులు, పట్టీలు హోటల్‌లోనే. చెల్లె జడను చొక్కా లోపలికి వేసుకోవాలి. హెల్మెట్ లోపల పల్చటి దస్తీ కట్టుకోండి, పట్టీ కింద రెండు వేళ్లే పట్టేంత బిగించి తల ఊపితే హెల్మెట్ తలతోపాటే కదలాలి. గ్లవ్స్ ఇవ్వకపోతే రైతు బజార్ దగ్గర దొరికే రబ్బరు చుక్కల గుడ్డ గ్లవ్స్ కూడా పనిచేస్తాయి.

కంట్లో లెన్సులు పెట్టుకునేవాళ్లు ఆ రోజు కళ్లజోడే పెట్టుకోవాలి. బురద నీళ్లు లెన్సు కిందికి పోతే వచ్చే ఇన్ఫెక్షన్ కన్ను పోగొట్టే రకం.

టీటీ ఇంజక్షన్ ఎప్పుడు వేసుకున్నారో చూసుకోండి. మట్టి పడిన గాయానికి ఐదేళ్లు దాటితే మళ్లీ వేస్తారు, కాబట్టి వెళ్లేముందే వేసుకుంటే అక్కడ ఆసుపత్రి వెతకక్కర్లేదు. కాలికి తెరిచిన పుండు, కొత్త గాయం ఉంటే ఆ రోజు మానుకోండి. పొలాల బురదలో ఎలుకల మూత్రం కలుస్తుంది, లెప్టోస్పైరోసిస్ అట్లానే వస్తుంది. ఇంటికొచ్చాక నెల లోపల జ్వరం, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడటం ఉంటే డాక్టర్‌కు "బురద నీళ్లలో తిరిగాను" అని చెప్పండి. చెప్పకపోతే డెంగ్యూ, టైఫాయిడ్ దగ్గరే తిరుగుతారు.

సైలెన్సర్ తగిలి కాలు కాలడం ఈ రైడ్‌లో తరచూ జరిగేది. దిగేటప్పుడు సైలెన్సర్ లేని వైపు నుంచి దిగండి. కాలితే 20 నిమిషాలు మామూలు నీళ్ల ధార కింద పెట్టాలి. టూత్‌పేస్ట్, పసుపు, ఐసు ఏదీ పెట్టొద్దు.

మిర్యాలగూడ_ముసాఫిర్

అందరికీ మస్తు థ్యాంక్స్. నేను, ఇంటామె, బామ్మర్ది ముగ్గురం మూడు సింగిల్స్, మిగతా ముగ్గురు పొలాల దిక్కు. పిల్లగానికి ఇంకా చెప్పలేదు.

రెండు డౌట్లు మిగిలినయి. గైడ్‌కు ఇంగ్లిష్ అంతగ రాకుంటే నడి అడవిల మాట ఎట్ల అర్థమైతది? బండికి ఏమన్న అయితే పైసలు ఎవరు కట్టాలె?

కృష్ణ_ఒడ్డు

ఇండోనేషియా మాటలు ఐదారు నేర్చుకుంటే చాలు. పెలాన్-పెలాన్ అంటే నిమ్మలంగ. బెర్హెంతి అంటే ఆగు. అవాస్ అంటే జాగ్రత్త, దీన్ని అరిచి చెప్తే ఏం చూడకుండా బొటనేలు తీసేయాలె. కిరి ఎడమ, కనన్ కుడి. కిరి అంటే మనకు కుడి గుర్తొస్తది, అక్కడే తిరకాసు. బ్రీఫింగ్‌లో చేతి సైగలు చూపిస్తరు, వాటిని మీరు తిరిగి చేసి చూపించండి. ముగ్గురిలో ఇంటామెను గైడ్ వెనకాలే ఉంచండి, చివర నువ్వు. ముందు గైడ్ ఒక్కడే కాదు, వరుస చివర కూడా ఒక గైడ్ ఉంటడా అని బుకింగ్ అప్పుడే అడుగు. ఉండకపోతే వెనక బండి ఇరుక్కున్న సంగతి ముందోనికి తెలిసేసరికి పది నిమిషాలు.

డ్యామేజీ సంగతి: బండి ఎక్కకముందే చుట్టూ తిరిగి అర నిమిషం వీడియో తియ్యండి, గీతలు, విరిగిన రేకులు, లైట్లు పడేటట్టు, గైడ్ కనపడేటట్టు. సంతకం పెట్టే కాగితంలో డ్యామేజీకి ఎంత అని రాసుందో చదవండి. అంకె లేకుండా "రిపేరు ఖర్చు కస్టమర్‌దే" అని మాత్రం ఉంటే గరిష్ఠం ఎంతో రాయించుకోండి. పాస్‌పోర్ట్ డిపాజిట్‌గా ఇయ్యకండి. ఫొటో కాపీ చూపించండి, అంతే. ఫోను జిప్ కవర్‌లో పెట్టి లాకర్‌లో వదలండి, జేబులో పెట్టుకున్నది వాగులో దొరకదు. ఫొటోలు గైడ్లు తీస్తరు, ఉచితమా పైసలా అనేది ముందే తేల్చుకోండి.

దారిలో ఇండ్ల ముందట, మలుపుల దగ్గర నేల మీద చిన్న ఆకు దొప్పల్లో పూలు, అగరుబత్తి కనపడతయి. అవి నైవేద్యాలు, చానంగ్ అంటరు, వాటి మీదికి చక్రం పోనియ్యొద్దు. పొలం గట్టు మీద దారి ఉంటే గైడ్ చక్రాల జాడ దాటొద్దు. గట్టు తెగితే కింది మడి రైతుకు నీళ్లు పోతయి, ఇది మన దగ్గర ఎంత పెద్ద లొల్లో అక్కడా అంతే.

మార్చిలో ఎవరన్న పోయేవాళ్లు ఇది చదువుతుంటే, బాలి శక సంవత్సరాది నాడు, మన ఉగాది రోజుల్లోనే వస్తది, న్యేపి అని మౌన దినం. ఎయిర్‌పోర్టుతో సహా ద్వీపం మొత్తం 24 గంటలు బంద్, హోటల్ గేటు దాటనియ్యరు. ఆ తేదీ చూసుకుని బుక్ చేసుకోండి.

పాలమూరు_పానా

ఒక్కటి చెప్పుడు మర్చిన. బండి చేతికి ఇయ్యంగనే, ఇంజన్ స్టార్ట్ చెయ్యకముందు, బొటనేలి మీట పూర్తిగ నొక్కి ఇడువు. టక్కున ఎనుకకు రావాలె. హ్యాండిల్ పూర్తిగ ఎడమకు తిప్పి ఒకసారి, పూర్తిగ కుడికి తిప్పి ఒకసారి గట్లనే చెయ్యి. బురదతోని కేబుల్ పట్టేసిన బండ్లు సక్కగ ఉన్నప్పుడు మంచిగనే ఉంటయి, హ్యాండిల్ తిప్పినప్పుడే మీట ఇరుకుతది. నిమ్మలంగ వస్తే, నడుమ ఆగితే ఆ బండి వద్దు. తర్వాత ఎర్ర కిల్ స్విచ్ యాడుందో చూసి, స్టార్ట్ చేసినంక ఒకసారి నొక్కి ఇంజన్ ఆగుతదా చూడు. కొన్ని బండ్లకు మణికట్టుకు కట్టే తాడు ఉంటది, పడిపోతే తాడు ఊడి ఇంజన్ బంద్ అయితది. దాన్ని హ్యాండిల్‌కు చుట్టి పెట్టి ఇస్తరు, విప్పి చేతికి కట్టుకో. బామ్మర్దికి నువ్వే కట్టు.

మిర్యాలగూడ_ముసాఫిర్

కడ్తా అన్నా. బరువు స్టిక్కర్ ఫొటో అడిగిన, ఇంకా పంపలే. పంపకుంటే ఇంకో దగ్గర బుక్ చేస్తా.